వంకర పాదాల పిల్లలకు పెద్దాసుపత్రి క్లబ్‌ఫుట్ క్లినిక్: కట్లకు అయిదుకి అయిదు మార్కులు, బూట్లకు మూడు

పుట్టిన బిడ్డ పాదం లోపలికి మెలితిరిగి, మడమ పైకి లాగేసినట్టు ఉంటే డాక్టర్లు దాన్ని క్లబ్‌ఫుట్ అంటారు. మన ఊళ్లలో వంకర పాదం అంటాం. సుమారు వెయ్యి మందిలో ఒకరికి వస్తుంది. మగపిల్లల్లో ఎక్కువ, దాదాపు సగం మందికి రెండు కాళ్లకీ ఉంటుంది. దీనికోసం పెద్దాసుపత్రుల్లో, మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో ఎముకల విభాగంవాళ్లు వారానికి ఒకరోజు నడిపే ఉచిత క్లినిక్ గురించే ఈ సమీక్ష. మా తీర్పు ముందే చెబుతున్నాం. మొదటి రెండు మూడు నెలల పిండికట్ల పని వేలకు వేలు పోసి బయట చేయించినదానికి ఏమాత్రం తీసిపోదు. ఆ తర్వాత వంకర తిరగబెట్టకుండా నాలుగేళ్ల వయసు దాకా తొడిగే బూట్ల దశలో మాత్రం అంతా క్లినిక్కే చూసుకుంటుందని ఊరుకుంటే పాదం మళ్లీ మొదటికి వస్తుంది.

క్లినిక్ దాకా చేరడం కష్టం కాదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో చూడాల్సిన పుట్టుక లోపాల జాబితాలో క్లబ్‌ఫుట్ ఉంది. కాన్పు వార్డులో గానీ, ఇంటికొచ్చే ఆశా కార్యకర్త కంటికి గానీ పడితే జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపుతారు. అయిదో నెలలో తీసే టిఫా స్కాన్‌లోనే కొందరికి తెలిసిపోతుంది. ఎవరూ పంపకపోయినా నేరుగా ఎముకల ఓపీకి వెళ్లి "వంకర పాదాల క్లినిక్ ఏ వారం?" అని అడిగితే చాలు. బిడ్డ డిశ్చార్జి కాగితం, తల్లి ఆధార్, ఒక నోటుబుక్కు పట్టుకెళ్లండి. మొదటి రోజే తుంటి కీళ్లు, వెన్ను కూడా చూడమని అడగండి, కొందరిలో పాదంతోపాటు అక్కడా తేడా ఉంటుంది. పసిబిడ్డ పాదానికి ఎక్స్‌రే మామూలుగా అవసరం పడదు.

గ్రహణం వల్ల వచ్చిందనీ, నూనె రాసి సాగదీస్తే దారికొస్తుందనీ చెప్పేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు, తల్లి చేసిన తప్పేమీ లేదు. ఎదురుచూస్తే వారాలు పోతాయి. పుట్టిన మొదటి రెండు వారాల్లో మొదలుపెడితే మేలు. ఏడాది, రెండేళ్లు దాటిన పిల్లలకూ ఇదే పద్ధతి పనిచేస్తుంది కానీ కట్లు పెరుగుతాయి.

ఇక పద్ధతి. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో ఇగ్నాసియో పొన్సెటీ అనే స్పెయిన్ డాక్టర్ రూపొందించింది. అంతకుముందు పాదాన్ని విప్పి పెద్ద ఆపరేషన్లు చేసేవారు, పాదం చూడ్డానికి తిన్నగా వచ్చినా పెద్దయ్యాక బిగుసుకుపోయి నొప్పి పెట్టేది. పొన్సెటీ పద్ధతిలో వారానికోసారి చేత్తో మెల్లగా తిప్పి పిండికట్టు వేస్తారు. మామూలుగా నాలుగు నుంచి ఏడు కట్లలో పాదం బయటివైపుకి తిరుగుతుంది.

క్లినిక్ మంచిదో కాదో మొదటి కట్టులోనే తెలుస్తుంది. కట్టు కాలివేళ్ల నుంచి గజ్జల దాకా ఉండాలి, మోకాలు తొంభై డిగ్రీలు వంచి ఉండాలి. మోకాలి కింద ఆపేసిన కట్టు జారిపోతుంది, పాదం తిరిగింది నిలవదు. పాదం పట్టుకునే డాక్టరు బొటనవేలు చీలమండకు కాస్త ముందు, బయటివైపు ఉబ్బెత్తుగా తగిలే ఎముక మీద ఉండాలి. మడమను పట్టుకుని తిప్పకూడదు. ఒకరు పాదం పట్టుకోవాలి, ఇంకొకరు కట్టు చుట్టాలి. ఒక్కరే రెండు పనులూ చేస్తుంటే ఇంకో మనిషిని పిలవమని మర్యాదగా అడగండి. వేళ్ల కింద పలకలా ఆసరా ఉండాలి, పైన వేళ్లు కనబడాలి. చాలామంది భయపడేది మొదటి కట్టు విప్పినప్పుడు: పాదం ముందుకంటే ఎక్కువ లోపలికి తిరిగినట్టు కనిపిస్తుంది. అరికాలు గుంటను సరిచేయడానికి మొదట ముందు పాదాన్ని పైకి ఎత్తుతారు, అందుకే అలా ఉంటుంది. రెండో కట్టు నుంచి తేడా కళ్లకు కడుతుంది. చాలా కుటుంబాలు ఆ ఒక్క వారం చూసి మానేస్తాయి కాబట్టి ఇది ముందే తెలిసి ఉండాలి.

ప్రతి వారం పిరానీ స్కోరు వేయించుకుని నోటుబుక్కులో రాయించుకోండి. పాదంలో ఆరు చోట్ల చూసి ఒక్కోదానికి సున్నా, అర, ఒకటి వేస్తారు. ఆరు అంటే బాగా వంకర, సున్నా అంటే మామూలు పాదం. డాక్టర్లు మారుతూ ఉండే క్లినిక్‌లో ఈ అంకెలే బిడ్డ చరిత్ర. పీజీ డాక్టర్లు మారడం పెద్దాసుపత్రుల్లో తప్పదు, నోటుబుక్కు ఉంటే దానివల్ల పెద్దగా నష్టం లేదు.

క్లినిక్ రోజున పాలు పట్టే వేళను చూసుకోండి. వరసలో ఏడుస్తోందని ముందే కడుపునిండా పట్టేస్తే కట్టు వేసేటప్పుడు నోట్లో పాలు ఉండవు, కాళ్లు తన్నుకుంటుంది, పాదం సరిగ్గా పట్టు దొరకదు. కట్టు బల్ల మీద పడుకోబెట్టాక పాలు పడితే బిడ్డ సర్దుకుంటుంది. తల్లిపాలైతే ముందే పిండి సీసాలోనో ఉగ్గుగిన్నెలోనో తెచ్చుకోవచ్చు. పాత కట్టును కొత్తది వేసే ముందు, ఆసుపత్రిలోనే తీయాలి. ముందురోజు రాత్రే ఇంట్లో నానబెట్టి విప్పేసి రమ్మనే చోట్లున్నాయి. ఆ పన్నెండు గంటల్లో పాదం కొంత వెనక్కి వెళ్తుంది, వారం కష్టంలో భాగం పోతుంది. ఇంట్లోనే విప్పక తప్పకపోతే అదేరోజు పొద్దున్న విప్పండి. పాత కట్టు తీసి కొత్తది వేసే మధ్య దొరికే పావుగంటలోనే కాలు కడిగి, తుడిచి, చర్మం చూసుకోవాలి.

ఎవరూ చెప్పని సంగతి టీకాలది. ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేసే పెంటావాలెంట్ తొడకు వేస్తారు, అక్కడ కట్టు ఉంటుంది. రెండు కాళ్లకీ కట్లుంటే ఏఎన్ఎం వెనక్కి పంపేస్తారు, టీకా వాయిదా పడుతుంది. కట్టు మార్చే రోజే, పాతది తీసి కొత్తది వేసేలోపు అదే ఆసుపత్రి టీకా గదిలో వేయించుకునేలా ముందువారమే రెండుచోట్లా మాట్లాడి పెట్టుకోండి. ఆ రాత్రి జ్వరం టీకావల్ల కావచ్చు. రెండో రోజుకీ తగ్గకపోయినా, కట్టులోంచి వాసన వచ్చినా ఆగకుండా వెళ్లాలి.

ఇంట్లో రోజుకు నాలుగుసార్లయినా వేళ్లు చూడాలి. వేలి కొన నొక్కి వదిలితే రెండు మూడు సెకన్లలో మళ్లీ గులాబీ రంగు రావాలి. నీలంగా, తెల్లగా, చల్లగా ఉంటే అది రాత్రయినా ఎమర్జెన్సీయే. నిన్న కనబడిన వేళ్లు ఇవాళ కట్టులోకి వెళ్లిపోయాయంటే కట్టు జారిందని అర్థం. క్లినిక్ రోజు దాకా ఆగకుండా వెళ్లి తీయించేయాలి. జారిన కట్టు కట్టులేని దానికంటే హాని.

కట్లన్నీ అయ్యాక పదిమందిలో ఎనిమిది తొమ్మిది మందికి మడమ వెనక నరం కొయ్యాల్సి వస్తుంది. నరం అంటున్నాం కానీ అది మడమ వెనకుండే కండర బంధనం. మత్తు సూది ఆ చోటు వరకే ఇచ్చి, చిన్న గాటుతో కొన్ని నిమిషాల్లో అయిపోతుంది, కుట్లుండవు. ఆ పైన మూడు వారాల కట్టు. ఆ మూడు వారాల్లో బంధనం సాగిన పొడవులోనే తిరిగి అతుక్కుంటుంది. కొన్నిచోట్ల పూర్తి మత్తు ఇస్తారు, అలాగైతే పాలు ఎన్ని గంటల ముందు ఆపాలో రాతపూర్వకంగా తీసుకోండి. ఈ చివరి కట్టు విప్పే రోజుకే బూట్లు చేతికి రావాలి. కట్టు ఈరోజు విప్పి, "సైజు లేదు, వచ్చేవారం రండి" అన్నారంటే అది క్లినిక్ లోపమే. అందుకే నరం కోసిన రోజే పాదం కొలత ఇచ్చి, సైజు ఉందని చెప్పించుకుని రండి. క్యూర్ ఇండియా లాంటి స్వచ్ఛంద సంస్థలు తోడుగా ఉన్న క్లినిక్‌లలో బూట్లు ఉచితంగా ఇస్తారు, తల్లిదండ్రులతో మాట్లాడే కౌన్సెలర్ కూడా ఉంటారు.

మూడు మార్కులే వేసింది ఇక్కడి నుంచి సాగే దశకు. బూట్లంటే రెండు బూట్లను కలుపుతూ ఒక కడ్డీ. వంకర పాదం బూటు 60 నుంచి 70 డిగ్రీలు బయటికి, బాగున్న పాదంది 30 నుంచి 40 డిగ్రీలు బయటికి తిరిగి ఉండాలి. రెండూ వంకరైతే రెండూ 70. రెండు మడమల మధ్య దూరం బిడ్డ భుజాల వెడల్పుంత. ఇంతకంటే కురచ కడ్డీ బిడ్డను ఇబ్బంది పెడుతుంది, బూట్లంటేనే ఏడుపు అందుకుంటుంది. మొదటి మూడు నెలలు రోజుకు 23 గంటలు, స్నానానికి మాత్రమే తీయాలి. తర్వాత రాత్రి నిద్ర, పగటి కునుకులు కలిపి 14 నుంచి 16 గంటలు, నాలుగేళ్ల వయసు దాకా. పాదం చక్కగా కనిపిస్తోంది కదా అని మానేయడమే అన్నిటికంటే పెద్ద ప్రమాదం. బూట్లు నియమంగా తొడిగినవాళ్లలో నూటికి ఆరుగురికి, మానేసినవాళ్లలో నూటికి ఎనభై మందికి పైగా వంకర తిరగబెట్టిందని అయోవా డాక్టర్ల లెక్క.

ఉచితంగా ఇచ్చేవి ఎక్కువగా స్టీన్‌బీక్ రకం, తోలు బూట్లు, ఇనుప కడ్డీ. ఉగాండాలో తయారైన నమూనా ఇది, స్థానికంగా దొరికే సామానుతో చేయొచ్చు. గట్టివి, మన్నుతాయి. మడమ దగ్గర ఒక చిన్న రంధ్రం ఉంటుంది. అందులోంచి మడమ కనిపిస్తే పాదం బూటు అడుగుకి ఆనినట్టు, కనిపించకపోతే మడమ పైకి లేచినట్టు. తొడిగిన ప్రతిసారీ ఈ రంధ్రంలోకి చూడండి, దీనికి మించిన పరీక్ష లేదు. లోపమేమిటంటే కడ్డీ అతుక్కునే ఉంటుంది, పాదం పెరిగితే మొత్తం మార్చాలి. కొనే స్తోమత ఉన్నవాళ్లు తీసుకునే మిచెల్ రకంలో మెత్తని లోపలి పొర, మూడు పట్టీలు, ఊడదీసే కడ్డీ ఉంటాయి. చిన్న, బొద్దు పాదం ఉన్న బిడ్డకు అది సుఖం. మిగతావాళ్లకు ఉచిత బూట్లు చాలు.

తొడిగే తీరు ఇదీ. నూలు మేజోడు ముడతల్లేకుండా వేయండి. ముందు ఎక్కువ వంకరగా ఉన్న కాలు. మోకాలు వంచి, మడమను అడుగుకి నొక్కి, చీలమండ మీద అడ్డంగా వచ్చే పట్టీని ముందు బిగించండి, లేసులు తర్వాత. వేళ్ల కొనలు ఎక్కడిదాకా వచ్చాయో బూటు మీద పెన్నుతో గీత పెట్టుకుంటే పాదం వెనక్కి జారినా, పెరిగినా తెలిసిపోతుంది. మొదటి రోజుల్లో చర్మం కాస్త ఎర్రబడటం మామూలే. పొక్కు లేచిందంటే బూటు వదులై మడమ ఆడుతోందని, ఇంకాస్త బిగించాలి, వదులు చేయకూడదు. క్రీములు రాస్తే చర్మం మెత్తబడి ఇంకా చెడుతుంది. మొదటి రెండు మూడు రాత్రులు ఏడుస్తుంది. కడ్డీ పట్టుకుని రెండు కాళ్లూ ఒకేసారి వంచి చాపుతూ ఆడిస్తే కాళ్లు కలిపి కదపడం నేర్చుకుంటుంది. ఏడ్చినప్పుడల్లా తీసేస్తే ఏడిస్తే తీస్తారని నేర్చుకుంటుంది. కడ్డీకి పాత గుడ్డ చుట్టండి, పక్కన పడుకున్న తల్లికి తగలకుండా.

తిరిగి చూపించుకోవాల్సిన వరస: బూట్లు వేసిన రెండు వారాలకు, మూడు నెలలకు, ఆపైన మూడేళ్లు వచ్చేదాకా నాలుగు నెలలకోసారి, నాలుగేళ్ల దాకా ఆరు నెలలకోసారి, తర్వాత ఎదుగుదల పూర్తయ్యేవరకు ఏడాదికో రెండేళ్లకో ఒకసారి. కట్లప్పుడు వారం వారం వెళ్లినవాళ్లు నాలుగు నెలల తేదీ దగ్గరే తప్పుతారు. క్లినిక్‌లు కూడా రాని బిడ్డ కోసం ఫోన్ చేసేది తక్కువ. ఆ రోజు పండగ సెలవు వస్తే తర్వాతి తేదీ ఎవరూ చెప్పరు. వచ్చే రెండు తేదీలూ ఒకేసారి రాయించుకుని, క్లినిక్ నంబరు నోటుబుక్కు అట్టమీద రాసుకోండి. దూరం భారమనుకునే తల్లులకు తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు, ఆధార్ చూపిస్తే చాలు.

ఈ మధ్యలో మడమ నేలకు ఆనకపోయినా, నడిచేటప్పుడు పాదం లోపలికి పడుతున్నా తేదీ కోసం చూడకండి. తొందరగా పట్టుకుంటే మళ్లీ ఒకటి నుంచి మూడు కట్లతో సరిపోతుంది. రెండున్నర, మూడేళ్లు దాటినవాళ్లలో పదేపదే తిరగబెడుతుంటే పాదం ముందు ఉండే ఒక బంధనాన్ని బయటివైపుకి మార్చే ఆపరేషన్ ఉంది. అది చేయించే ముందు కూడా కొన్ని కట్లతో పాదాన్ని తిన్నగా తెస్తారు, ఆ కట్లు మళ్లీ అదే క్లినిక్‌లో, క్లినిక్ నడిచే రోజునే వేయించుకోవచ్చు.