తాతయ్య చుట్ట, బావ వేప్: పక్కనున్నవాళ్లకి ఏది మేలు?

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మొన్న సంక్రాంతికి అందరం చేరాక ఈ గొడవ మొదలైంది. తాతయ్యకి ఎనభై దాటాయి, లంక పొగాకు చుట్ట ఇప్పటికీ మానలేదు. బావది హైదరాబాద్‌లో ఉద్యోగం, వేప్ అని, అంటే బ్యాటరీతో నడిచే ఈ-సిగరెట్, స్కెచ్ పెన్నులాంటిది ఒకటి జేబులో పెట్టుకుని తిరుగుతాడు, పీల్చి వదిలితే గదంతా మామిడిపండు వాసన. తాతయ్య అరుగు మీద చుట్ట ముట్టిస్తే చాలు, మా అక్క కూతుర్ని చంకనేసుకుని లోపలికి పరిగెడుతుంది, పిల్లకి ఉబ్బసం మరి. అదే బావ ఏసీ గదిలో మంచం మీద వాలి గుప్పుగుప్పున వదులుతుంటే ఎవరూ కిక్కురుమనరు. "పొగ కాదురా ఇది, ఆవిరి" అంటాడు నాతో. తాతయ్య ఊరుకుంటాడా, "ఆవిరే కావాలంటే ఇడ్లీపాత్ర మూత తియ్యండి బాబూ, ఖర్చు కూడా ఉండదు" అన్నాడు.

పీల్చేవాళ్ల సంగతి వాళ్లు చూసుకుంటారు, నా బాధంతా పక్కన కూర్చునేవాళ్ల గురించి.

ముందు చుట్ట. సిగరెట్‌ని కూడా ఇందులోనే కలిపేస్తున్నా, ఎందుకంటే రెండూ కాలేవే. మనం పట్టించుకోని విషయం ఏంటంటే, పక్కవాళ్లకి చేరే పొగలో ఎక్కువ భాగం తాగేవాడు వదిలింది కాదు, కాలే కొస నుంచి నేరుగా గాల్లోకి వచ్చేది. తాతయ్య చుట్ట వేళ్ల మధ్య పెట్టుకుని పంట కాలవలో నీళ్లు రాలేదని ఎవరితోనో అరగంట మాట్లాడుతుంటాడు, అది ఆరిపోయేదాకా పొగ పెడుతూనే ఉంటుంది. సిగరెట్‌కి ఫిల్టర్ ఉందిగా అంటారు, ఉంది, కానీ అది తాగేవాడి నోటివైపు, మనవైపు కాదు. ఆ పొగలో 7000 పైగా రసాయనాలు, వాటిలో 70 దాకా కేన్సర్ తెచ్చేవి, పైన కార్బన్ మోనాక్సైడ్. పక్కవాళ్లకి గుండెజబ్బు, ఊపిరితిత్తుల కేన్సర్, పిల్లలకి ఉబ్బసం ముదరడం, చెవిపోటు, ఇవన్నీ దశాబ్దాల క్రితమే తేలిపోయాయి. ఇంత పొగైతే ఫరవాలేదు అనే హద్దు లేదని అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య పెద్ద డాక్టరు, అంటే సర్జన్ జనరల్, నివేదిక 2006లోనే చెప్పేసింది.

ఇక వేప్. అందులో కాలేది ఏదీ లేదు. బ్యాటరీతో తీగ వేడెక్కితే ద్రవం తుంపరగా లేస్తుంది. పీల్చనప్పుడు దానంతట అది ఏమీ వదలదు, గాల్లోకి వచ్చేదంతా బావ ఊపిరితో పాటు వచ్చిందే. కార్బన్ మోనాక్సైడ్, తారు గొడవ దాదాపు లేనట్టే. కాబట్టి ఒకే గది, ఒకే సమయం అని లెక్క కడితే పక్కవాడి ఊపిరిలోకి వెళ్లే విషం వేప్‌తోనే తక్కువ, ఇది ఒప్పుకోవాల్సిందే. బావకి ఈ ముక్క చెప్పి తప్పు చేశాను, రోజంతా మీసం మెలేస్తూనే ఉన్నాడు.

కానీ 'ఆవిరి' అనే మాట దగ్గరే మనం మోసపోతున్నాం. జలుబు చేస్తే పసుపేసి పట్టే ఆవిరి గుర్తొస్తుంది కదా, పిల్లలకి నెబ్యులైజర్ పెట్టినా ఆవిరే అంటాం, అందుకని ఆ మాట వినగానే మందేదో అనిపిస్తుంది. భోగి తెల్లవారుజామున చేల మీద పొగమంచు ఎలా వేలాడుతుందో ఇదీ అలాంటిదే, గాల్లో తేలే సన్నటి బొట్లు, అయితే నీళ్లవి కాదు. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, నికోటిన్, వాసన కోసం కలిపినవి, వేడికి పుట్టే ఫార్మాల్డిహైడ్, ఎక్రోలీన్, ఆ తీగ నుంచి ఊడొచ్చే నికెల్, సీసం లాంటి లోహాలు. కొన్ని కొద్దిగానే ఉంటాయి, నిజమే, కానీ ఉంటాయి. 'నికోటిన్ లేదు' అని డబ్బా మీద రాసినవాటిని 2009లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పరీక్షిస్తే చాలావాటిలో నికోటిన్ కనిపించింది. మన దగ్గర 2019 చట్టంతో అమ్మకమే నిషేధం, అంటే చాటుగా దొరికే సరుకులో ఏం పోశారో అడగడానికి నాథుడే లేడు.

నాకు ఇది కళ్లారా తెలిసింది బావ కారులో. రాజమండ్రి నుంచి రావులపాలెం మీదుగా ఊరికి వస్తున్నాం, అద్దాలన్నీ ఎత్తి ఏసీ వేసుకున్నాం, ఆయన దారి పొడుగునా లాగుతూనే ఉన్నాడు. ముందు అద్దం లోపలివైపు వేలితో గీస్తే గీత పడింది, వేలికి జిడ్డు. దుమ్మనుకున్నాను, దుమ్మైతే జారదు కదా. బొట్లు గాల్లోంచి త్వరగానే పోతాయి, సిగరెట్ పొగంత సేపు వేలాడవు, ఆ మాట నిజం. పోయినదాంట్లో కొంత మాత్రం ఇలా అద్దానికి, సీట్లకి, దిండు గలీబుకి అంటుకుంటుంది. నేల మీద పాకి, ఆ చెయ్యే నోట్లో పెట్టుకునే పిల్లలకి దాంట్లోని నికోటిన్ అలా కూడా చేరుతుంది.

నా లెక్క ఇక్కడే తిరగబడింది. తాతయ్య చుట్ట ఘాటు పది గజాల ముందే చెప్తుంది, మనం లేచి పోతాం, పోకపోతే నానమ్మే ఆయన్ని అరుగు మీదకి తరిమేస్తుంది. అంత పొగా గాలికి పోతుంది (పోనిదాన్ని నేను సమర్థించట్లేదు). వేప్‌కి ఆ ఘాటు లేదు కాబట్టి అది పడగ్గదిలోకి, కారులోకి, పిల్ల పక్కలోకి వచ్చేసింది. తలుపులు బిగించిన గదిలో వేప్, బయట అరుగు మీద చుట్ట, ఈ రెంటిలో ఉబ్బసం పిల్ల ఎక్కడుండాలి అంటే నేను రెండో చోటే చెప్తాను, అదీ పొగ తనవైపు రాకుండా గాలి వచ్చే వైపున, దూరంగా. అక్క చేసేది దీనికి తిరగేసి, చుట్ట వాసన భరించలేక పిల్లని లోపలికే తీసుకెళ్తోంది. కడుపుతో ఉన్నవాళ్ల విషయంలో అయితే తేడాలు చూసేదే లేదు, నికోటిన్ ఏ దారిలో వచ్చినా బిడ్డ మెదడుకి చేటే.



చివరికి అక్క తీర్పు చెప్పింది, లోపల ఎవరూ ఏదీ లాగడానికి వీల్లేదని. కనుమ నాడు సాయంత్రం చూస్తే బావ అరుగు మీద తాతయ్య పక్కన కూర్చుని మామిడిపండు వాసన వదులుతున్నాడు, తాతయ్యేమో ఆ వాసన తట్టుకోలేక ముక్కుకి కండువా అడ్డం పెట్టుకుని చుట్ట వెలిగిస్తున్నాడు.