పొడవాటి అలంకార గడ్డి: న్యూజెర్సీ పెరట్లో దీర్ఘకాల అనుభవం

న్యూజెర్సీలో మా పెరటి కంచె వెంబడి కార్ల్ ఫోర్‌స్టర్, మిస్కాంథస్ అనే రెండు అలంకార గడ్డి రకాలను చాలా ఏళ్లుగా పెంచుతున్నాను. ఎండ బాగా తగిలితే చాలు, వేళ్లూనిన తరువాత రెండింటికీ నీరు, ఎరువు పెద్దగా అక్కరలేదు. హోస్టాలనే వెడల్పాటి ఆకుల మొక్కలను మొదలంటా మేసిపోయే జింకలు వీటి జోలికి రావు.

జర్మన్ నర్సరీ నిపుణుడి పేరు పెట్టుకున్న మొదటి రకం 2001లో అమెరికాలో ఆ ఏటి మేటి బహువార్షిక మొక్కగా ఎంపికైంది. ఆ గౌరవానికి అది తగినదే. సుమారు అయిదడుగుల ఎత్తున నిటారుగా నిలిచి, జూన్‌లోనే వెన్నులు వేస్తుంది. గింజ కట్టదు కాబట్టి ఎక్కడపడితే అక్కడ మొలిచే బెడద లేదు. మిస్కాంథస్ అందం వేరు: సెప్టెంబరులో దాని కంకులు విచ్చుకున్నప్పుడు గోదావరి లంకల్లోని రెల్లు పూతే కళ్లముందుకు వస్తుంది.

అసలు శ్రమంతా కత్తిరింపులోనే ఉంది. ఎండిన గడ్డిని శీతకాలమంతా అలాగే ఉంచడం మేలు. దుబ్బుకు చలి నుంచి కాపు దొరుకుతుంది, పిట్టలకు ఆశ్రయమవుతుంది. అయితే కార్ల్ ఫోర్‌స్టర్ చలి పూర్తిగా తగ్గకముందే పిలకలు వేస్తుంది కనుక దానిని ఫిబ్రవరి చివరికల్లా కోయాలి; ఆలస్యమైతే పాత కాడలతోపాటు లేత ఆకుల కొనలూ తెగి, మొండిగా కనిపిస్తాయి. వేడి కోసం కాచుకునే మిస్కాంథస్‌కు మార్చి చివరి వరకు వ్యవధి ఉంటుంది. దుబ్బును రెండుచోట్ల జనపతాడుతో బిగించి కట్టి, నేలకు 10–15 సెంటీమీటర్ల పైన హెడ్జ్ ట్రిమ్మర్‌తో (కంచె మొక్కలు కత్తిరించే యంత్రం) కోస్తే, చెత్త చెదరకుండా మోపు మోపుగా చేతికి వస్తుంది. ఆకుల అంచులు చర్మాన్ని కోస్తాయి కాబట్టి చేతి తొడుగులు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి.

కొన్నేళ్లకు మిస్కాంథస్ దుబ్బు నడుమ ఎండి, చుట్టూ మాత్రమే పచ్చగా మిగులుతుంది. అప్పుడు తవ్వి విడదీయాలంటే పార చాలదు, గొడ్డలో రంపమో కావాలి; నడివయసు దాటినవారికి ఇది ఒంటరిగా అయ్యే పని కాదు. పైగా దాని విత్తనం గాలికి కొట్టుకుపోయి తూర్పు రాష్ట్రాల్లో రోడ్ల పక్కన, బీళ్లలో అల్లుకుపోతోంది. అందుకే మొదటి రకాన్ని ఎవరికైనా నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. రెండోదాని చోట మాత్రం ఈ నేల సొంత గడ్డి అయిన స్విచ్‌గ్రాస్‌ను నాటుకోమంటాను.