మౌలిక పరిశోధనా, అనువర్తిత పరిశోధనా: ఏది మేలు?

పరిశోధనలోకి కొత్తగా అడుగుపెట్టేవారిని మొదట తికమక పెట్టే ప్రశ్న ఇది. మౌలిక పరిశోధన తెలుసుకోవడం కోసమే చేసేది. అనువర్తిత పరిశోధన ఎదురుగా ఉన్న సమస్యను తీర్చడానికి చేసేది. దీనివల్ల ఉపయోగమేమిటని ఎవరైనా అడిగితే రెండోది వెంటనే జవాబు చెప్పగలదు, మొదటిది నీళ్లు నములుతుంది. అందుకే దానికి చిన్నచూపు. అది అన్యాయమని నా గట్టి నమ్మకం.

థామస్ బ్రాక్ అనే సూక్ష్మజీవ శాస్త్రవేత్త 1960లలో అమెరికాలోని ఎల్లోస్టోన్ వేడినీటి బుగ్గల్లో ఏ జీవులు బతుకుతున్నాయో పరిశీలించాడు. ఆయన ఏ జబ్బుకూ మందు వెతకలేదు. అక్కడ దొరికిన ఒక బాక్టీరియాను థర్మస్ అక్వాటికస్ అనే పేరుతో 1969లో లోకానికి పరిచయం చేశాడు. 1983లో కేరీ ముల్లిస్ అనే రసాయన శాస్త్రవేత్తకు పీసీఆర్ ఆలోచన తట్టింది. డీఎన్ఏ ముక్కకు లెక్కలేనన్ని నకళ్లు తీసే పద్ధతి అది. డీఎన్ఏలోని జంట పోగులు విడిపోవడానికి ప్రతి విడతలోనూ దాదాపు 95 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేయాలి. ఆ వేడికి నకళ్లు తీసే ఎంజైమ్ పాడైపోయేది, మళ్లీ కొత్తది కలపాల్సి వచ్చేది. బ్రాక్ బాక్టీరియాలోని ఎంజైమ్ ఆ వేడిని తట్టుకుంది. ఒక్కసారి కలిపితే చాలు, విడత వెంట విడత సాగిపోతుంది. కోవిడ్ రోజుల్లో మన ముక్కులోంచి తీసిన నమూనాలను పరీక్షించిన ఆర్‌టీ-పీసీఆర్‌కు మూలం ఈ పద్ధతే.

అలాగని అన్నిటికీ దశాబ్దాలు వేచి ఉండలేం, రోగి ఎదుట ఉన్నప్పుడు అసలే ఉండలేం. జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు రెండు దారుల్లోనూ నడిచారు. సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో కండరాల్లో వెంటనే శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని గుర్తించడం మౌలిక పరిశోధన. తరువాత లెడర్లీ అనే మందుల సంస్థలో ఆయన బృందం, కణాలు పెరగడానికి కావలసిన ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్ పనిని అడ్డుకునే అమినోప్టెరిన్‌ను తయారుచేయడం అనువర్తిత పరిశోధన. ఆ మందుతో లుకేమియా అనే రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకు కొంతకాలమైనా ఉపశమనం దొరికిందని సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు 1948లో ప్రకటించారు. ఫోలిక్ ఆమ్లం గురించి తెలియకుండా దాన్ని అడ్డుకునే మందు ఎలా పుడుతుంది?

కొత్తవారికి ఇంతకన్నా పనికొచ్చే పోలిక మరొకటుంది. ఏమీ తెలియని చోట దారి వెతికేది అన్వేషణాత్మక పరిశోధన. ఉన్నదాన్ని ఉన్నట్టు నమోదు చేసేది వర్ణనాత్మక పరిశోధన. కారణం తేల్చేది వివరణాత్మక పరిశోధన. సొంత తరగతిలోని ఇబ్బందిని ఉపాధ్యాయుడే సరిదిద్దుకుంటూ చేసే క్రియాత్మక పరిశోధన ఈ వరుసకు కొంచెం పక్కన నిలుస్తుంది.

చాలామంది నేరుగా కారణాల మీద పడతారు. నన్నడిగితే మొదట వర్ణనాత్మకమే మేలు. బ్రిటన్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు ఏటేటా పెరుగుతున్నాయని ముందు చెప్పింది మరణాల లెక్కలే. ఆ లెక్కలు ఉన్నాయి కాబట్టే, ఎందుకు అనే ప్రశ్నకు చోటు దొరికింది. అప్పుడు రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే పరిశోధకులు లండన్ ఆసుపత్రుల్లో ఆ క్యాన్సర్ రోగుల అలవాట్లను ఇతర రోగుల అలవాట్లతో పోల్చి, 1950లో పొగతాగడం వైపు వేలు చూపారు. మీ అంశంలో ఎవరికి, ఎంతమందికి, ఎప్పటినుంచి అన్న లెక్క ఇంకా లేకపోతే, మీ మొదటి పరిశోధన అదే.