పాత ఆర్‌పీజీ ప్రోగ్రాములకు వెబ్ ద్వారం: ఐబీఎం ఐ వెబ్ సర్వీసుల సర్వర్‌పై సమీక్ష

1988లో ఏఎస్/400గా వచ్చిన కంప్యూటర్లకు వారసత్వంగా, 2008 నుంచి ఐబీఎం ఐ పేరుతో కొనసాగుతున్న వ్యవస్థపై బిల్లింగు, సరుకు నిల్వల లెక్కలు నడుపుకునే సంస్థలు, వెబ్ అప్లికేషన్ అనగానే అన్నీ మొదటి నుంచి తిరగరాయాలని భయపడతాయి. ఆపరేటింగ్ సిస్టమ్‌తోపాటే లభించే ఇంటిగ్రేటెడ్ వెబ్ సర్వీసెస్ సర్వర్ ఆ భయాన్ని చాలావరకు తీరుస్తుంది. ఆర్‌పీజీ లేదా కోబాల్ అనే పాత వ్యాపార ప్రోగ్రామింగ్ భాషల్లో రాసిన ప్రోగ్రామును కంపైల్ చేసేటప్పుడు పారామీటర్ల (అది తీసుకునే, తిరిగి ఇచ్చే విలువల) వివరాలను పీసీఎంఎల్ అనే వివరణ భాషలో చేర్చితే, సర్వర్‌లోని విజార్డ్ (అంచెలంచెలుగా అమర్చిపెట్టే సాధనం) వాటిని చదివి, ఆ ప్రోగ్రామును జేసన్ అనే టెక్స్ట్ రూపంలో జవాబిచ్చే రెస్ట్ సర్వీసుగా, అంటే వెబ్ చిరునామా ద్వారా పిలవగల సేవగా, అందిస్తుంది. జావా రాయవలసిన పని లేదు.

అయితే ఈ సౌలభ్యం ప్రోగ్రాము నిర్మాణాన్ని బట్టే ఉంటుంది. 24 వరుసలు, 80 నిలువు గడుల 5250 అనే అక్షరాల టెర్మినల్ తెర కోసం రాసిన పాత కోడులో ధర లెక్కింపు, తప్పుల పరిశీలన, తెర చూపే ఆదేశాలు పెనవేసుకుని ఉంటాయి కాబట్టి, వ్యాపార నియమాలను విడదీసి ప్రత్యేక ప్రొసీజర్లుగా మార్చనిదే సర్వర్‌కు అప్పగించడానికి ఏమీ ఉండదు. అసలు శ్రమంతా ఇక్కడే, దీనికి ఏ విజార్డూ సాయపడదు. అక్షరాల మార్పిడి మరో చిక్కు: ఎబ్సిడిక్ అనే ఐబీఎం అక్షర సంకేత పద్ధతిలో దాచిన వివరాల సీసీఎస్ఐడీ (అక్షర సంకేతాన్ని తెలిపే సంఖ్య) 'మార్చవద్దు' అని అర్థమిచ్చే 65535గా ఉంటే, మార్పిడి జరగక బ్రౌజర్‌లో అర్థంలేని గుర్తులు కనిపించే అవకాశం ఉంది.

కేవలం పట్టికల సమాచారం చూపడానికైతే, నోడ్ (జావాస్క్రిప్ట్‌ను సర్వర్‌పై నడిపే వేదిక) నుంచి నేరుగా ఐబీఎం ఐలోని డేటాబేస్ అయిన డీబీ2కు ఎస్‌క్యూఎల్ ప్రశ్నలు పంపడమే నా దృష్టిలో సులభం. ఏళ్ల తరబడి పరీక్షకు నిలిచిన లెక్కలను మళ్లీ వాడుకోవాలన్నప్పుడు మాత్రం ఈ సర్వర్‌నే ఎంచుకుంటాను.