హైదరాబాదా, బెంగళూరా, చెన్నైయా: చూడాల్సింది రెండో ఉద్యోగం

ఊరు ఎంచుకునేటప్పుడు చాలామంది మొదటి ఆఫర్ లెటర్‌లోని జీతం అంకె చూస్తారు. దానికంటే ముఖ్యం రెండో ఉద్యోగం. ఉన్న పని పోయిన రోజున ఇల్లు ఖాళీ చేయకుండా, పిల్లల బడి మార్చకుండా, మూడు నెలల్లో అదే పనికి ఇంకో సంస్థ దొరుకుతుందా? దొరికితే ఆ నగరం మీకు బలమైనది. దొరకకపోతే జీతం ఎంత గొప్పగా ఉన్నా ఒక్క యజమాని దయ మీద బతుకుతున్నట్టే. ఈ కొలత పెట్టి చూస్తే తెలుగువాళ్ళు ఎక్కువగా వెళ్ళే ఈ మూడు నగరాల్లో ఒక్కో చదువుకి ఒక్కోటి మేలవుతుంది.

హైదరాబాద్ అనగానే అందరూ 1998 నాటి సైబర్ టవర్స్‌తో మొదలుపెడతారు. నిజానికి ఈ ఊరికి మిగతా రెండింటిలో అంతగా లేని బలం మందుల తయారీ. 1960ల్లో బాలానగర్‌లో వెలసిన ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్‌లో పని నేర్చుకున్న రసాయన నిపుణులు బయటికొచ్చి సొంత కంపెనీలు పెట్టుకున్నారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన అంజిరెడ్డి కూడా ఐడీపీఎల్‌లో పనిచేసినవారే. అలా జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం వైపు బల్క్ డ్రగ్ (మాత్రల్లో వాడే అసలు మందు పదార్థం) యూనిట్లు, శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీలో టీకాల సంస్థలు పెరిగాయి. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, బీఫార్మసీ చదివి క్వాలిటీ కంట్రోల్‌లోనో ప్రొడక్షన్‌లోనో నాలుగేళ్ళు చేసినవాళ్ళకి గంట ప్రయాణంలో మరో గేటు దొరికే చోటు ఇది. అయితే ఈ పని ప్రాణాలతో ముడిపడి ఉంది. 2025 జూన్ 30న పాశమైలారంలో జరిగిన పేలుడు పదుల కుటుంబాలను కూల్చేసింది. ద్రావకాల ఆవిరి, గాల్లో తేలే సన్నటి పొడి, స్థిర విద్యుత్తు ఒకచోట కలిస్తే చిన్న నిప్పురవ్వ చాలు. చేరేముందు డ్రయర్లకు, రియాక్టర్లకు ఎర్తింగ్ తనిఖీ ఎన్నాళ్ళకోసారి చేస్తారో, కాంట్రాక్టు కార్మికులకు శిక్షణ ఎవరిస్తారో అడగండి. జవాబు తడబడితే అక్కడ చేరకపోవడమే మంచిది.

బెంగళూరు బలం ఐటీ కంటే చాలా పాతది. 1909లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, 1940లో విమానాలు చేసే హెచ్‌ఏఎల్, 1953లో యంత్ర పరికరాలు చేసే హెచ్‌ఎంటీ, 1954లో ఎలక్ట్రానిక్స్ చేసే బీఈఎల్ వచ్చాయి. చేత్తో యంత్రం చేయగలిగినవాళ్ళు, కాగితం మీద దాన్ని గీయగలిగినవాళ్ళు ఒకే ఊళ్ళో ఉండటంతో 1985లో అమెరికా చిప్ కంపెనీ టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అక్కడ డిజైన్ కేంద్రం తెరిచింది. చిప్ డిజైన్, ఏరోస్పేస్, ఉత్పత్తిని మొదటి నుంచీ తయారుచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీలు కావాలంటే ఈ ఊరికి సాటి లేదు. ఒక చిన్న డ్రోన్ సంస్థకు అల్యూమినియం బ్రాకెట్ నమూనా కావాలనుకోండి. పీణ్య పారిశ్రామికవాడలో సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే కోత యంత్రం) షాపుకి డ్రాయింగ్ పట్టుకెళ్ళి, టాలరెన్స్, అంటే కొలతలో ఒప్పుకోగల తేడా, ఎంత ఉంచాలో మెషీన్ పక్కనే నిలబడి మాట్లాడుకోవచ్చు. కొలత తేడా వస్తే మళ్ళీ వెళ్ళి దిద్దించుకోవచ్చు. ఇలాంటి సౌకర్యం ఏ పాలసీ పత్రమూ ఒక్క ఏడాదిలో తెచ్చిపెట్టలేదు.

చెన్నైని మన పిల్లలు చిన్నచూపు చూస్తున్నారు. అది పొరపాటు. డిప్లొమా మెకానికల్, ఐటీఐ ఫిట్టర్, టూల్ అండ్ డై నేర్చినవాళ్ళకి మూడింటిలో మొదటి స్థానం దానిదే. 1948లో అశోక్ మోటార్స్‌గా పుట్టిన ఎన్నూరు అశోక్ లేలాండ్, 1955లో పెరంబూరులో రైలు పెట్టెల కర్మాగారం, 1990ల్లో శ్రీపెరంబుదూరు దగ్గర హ్యుందాయ్, ఆ తరవాత ఒరగడంలో రెనో నిస్సాన్ వచ్చాయి. సరుకు పంపడానికి చెన్నై, ఎన్నూరు, కాట్టుపల్లి రేవులు మూడూ దగ్గరే. 2022లో మరైమలైనగర్‌లో ఫోర్డ్ ఉత్పత్తి ఆపేసినప్పుడు అక్కడివాళ్ళకు కష్టం రాలేదని కాదు. కానీ అదే పనికి వాళ్ళు తలుపు తట్టగల కార్ఖానాలు, విడిభాగాల యూనిట్లు ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. ఒక్క ఫ్యాక్టరీనే నమ్ముకున్న ఊళ్ళో ఆ దారి ఉండదు. నెల్లూరు, తిరుపతి వైపువాళ్ళకి ఇంకో మాట: చెన్నై పారిశ్రామిక ప్రాంతం రాష్ట్ర సరిహద్దు దగ్గర ఆగలేదు, తడ పక్కన శ్రీసిటీ దాకా వచ్చింది. సొంత జిల్లాలో ఉంటూనే ఆ గొలుసులో ఉద్యోగం చేయొచ్చు.

ప్రయాణంలోనూ చెన్నైదే పైచేయి. బీచ్ నుంచి తాంబరం దాకా విద్యుత్ లోకల్ రైలు 1931 నుంచీ తిరుగుతోంది. సీజన్ టికెట్ తీసుకుంటే తక్కువ జీతం ఉన్నవాళ్ళు కూడా శివారులో చవక అద్దెకు ఉండి పనికి వెళ్ళిరావచ్చు. గిండీలో లోకల్ దిగి మెట్రో ఎక్కొచ్చు, ఆ మెట్రో విమానాశ్రయం దాకా పోతుంది. హైదరాబాద్ మెట్రో 69 కిలోమీటర్లు ఉన్నా రాయదుర్గంలోనే ఆగిపోయింది. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో పనైతే అక్కడి నుంచి మళ్ళీ ఆటోనో కంపెనీ బస్సో పట్టుకోవాలి. బెంగళూరు మెట్రో 90 కిలోమీటర్లు దాటినా, ఆఫీసులు కిక్కిరిసిన సిల్క్ బోర్డ్ – కేఆర్ పురం ఔటర్ రింగ్ రోడ్డుకు మాత్రం ఏళ్ళ తరబడి రైలు లేకుండానే గడిచింది. ఆ ఊరి ట్రాఫిక్ కష్టాల్లో సగం అక్కడే పుట్టాయి. ఇల్లు చూసేటప్పుడు కిలోమీటర్లు లెక్కపెట్టకండి. మ్యాప్‌లో మంగళవారం ఉదయం 9 గంటలకు బయలుదేరినట్టు, సాయంత్రం 6:30కి తిరిగొస్తున్నట్టు సమయం పెట్టి చూడండి. ఆదివారం మధ్యాహ్నం చూసి అడ్వాన్స్ ఇచ్చేసి తరవాత తలపట్టుకున్నవాళ్ళు మూడు ఊళ్ళలోనూ ఉన్నారు.

మహిళలకు ఉచిత బస్సు మూడు చోట్లా ఉంది: తమిళనాడులో 2021 నుంచి, కర్ణాటక, తెలంగాణల్లో 2023 నుంచి. ఈ రెండింటిలో ఆ రాష్ట్ర చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి. కాబట్టి ఊరు మారగానే ఆధార్ చిరునామా మార్పించుకోవాలి. ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళకి ఇది నేరుగా చేతిలో మిగిలే డబ్బు.

బడి మారే పిల్లల సంగతి కూడా ముందే ఆలోచించాలి. స్థానిక భాషను తప్పనిసరి చేసే చట్టం తమిళనాడులో 2006లో, కర్ణాటకలో 2015లో, తెలంగాణలో 2018లో వచ్చింది. ఒకటో తరగతి పిల్లలకి ఏ లిపి అయినా ఆటే. ఏడో తరగతిలో కొత్తగా తమిళం మొదలుపెట్టడం మాత్రం పెద్ద బరువు. వెళ్ళక తప్పదంటే బడివాళ్ళతో ఆ విషయం సీటు తీసుకునే ముందే మాట్లాడండి.

ఇల్లు కొనడం దగ్గర హైదరాబాద్ ముందుంది, మోసపోయే అవకాశాలు కూడా ఇక్కడ తక్కువేం లేవు. ఎకరంలో ఇన్ని చదరపు అడుగులే కట్టాలన్న పరిమితిని 2006లో తీసేయడంతో ఎత్తుకు ఎత్తు కట్టుకుంటూ పోయారు. ఆఫీసులు, ఫ్లాట్లు విరివిగా వచ్చాయి. కానీ 40 అంతస్తుల టవర్‌లో మీ పేరున రాసే యూడీఎస్, అంటే విభజించని భూమి వాటా, చాలా చిన్నది. కాలం గడిచేకొద్దీ కట్టడం విలువ తగ్గుతుంది, పెరిగేది భూమి విలువే. అందుకే ధరతోపాటు ఎన్ని గజాలు వస్తాయో అడగాలి. రెరా, అంటే స్థిరాస్తి నియంత్రణ సంస్థ, ఇచ్చే నంబరు లేకుండా ప్రీలాంచ్ అని డబ్బు అడిగితే ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు. చెరువు ఎఫ్‌టీఎల్ (నిండినప్పుడు నీళ్ళు చేరే హద్దు), దాని చుట్టూ కట్టడాలు కూడని బఫర్ హద్దులు సర్వే నంబరుతో సరిచూసుకోవాలి. బెంగళూరులో అయితే నగరపాలిక ఆస్తి రికార్డులో అది ఏ ఖాతానా (అన్నీ సక్రమంగా ఉన్నది), బీ ఖాతానా (అనుమతుల్లో లోపం ఉన్నది) అన్నది మొదటి ప్రశ్న, ఎందుకంటే బీ ఖాతా ఇంటికి బ్యాంకు రుణం అంత తేలిగ్గా పుట్టదు. చెన్నైలో ముడిచూరు, వేళచ్చేరి, పళ్ళికరణై వైపు చూస్తుంటే, 2015 డిసెంబరులో, 2023 డిసెంబరులో నీళ్ళు ఎంత ఎత్తుకు వచ్చాయో పక్కింటివాళ్ళని అడగండి. బిల్డర్ని అడిగితే లాభం లేదు.

ఇక నీళ్ళు. బెంగళూరుకి కావేరి సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి, దాదాపు అర కిలోమీటరు ఎత్తుకు తోడితే గాని రాదు. 2024 వేసవిలో బోర్లు ఎండి శివార్లు అల్లాడాయి. ఆ అక్టోబరులో కావేరి నీటి పథకం ఐదో దశ మొదలై రోజుకు 77.5 కోట్ల లీటర్ల సామర్థ్యం కలిసింది. 2019లో చెన్నై చెరువులు అడుగంటినా, సముద్రపు నీటిని శుద్ధిచేసే ప్లాంట్లు, మన కండలేరు జలాశయం నుంచి వెళ్ళే కృష్ణా నీళ్ళు ఆ ఊరికి ఆసరా. హైదరాబాద్‌కి కృష్ణా, గోదావరి రెండూ ఉన్నాయి, అదే దాని ధైర్యం. అయినా ఫ్లాట్ కొనేముందు లెక్క వేసుకోండి. మనిషికి 135 లీటర్లు, ఇంటికి నలుగురు, 100 ఇళ్ళు అంటే రోజుకు 54,000 లీటర్లు. మీటర్ బిల్లులో అందులో ఎంత కనబడుతుంది? మిగతాది బోరు ఇస్తోందా, ట్యాంకరా? పోయిన ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకర్లకు ఎంత కట్టారో అసోసియేషన్ పుస్తకం అడిగి చూడండి.

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేసే ఇంటికి రెండో ఉద్యోగం లెక్క రెండింతలవుతుంది. చెన్నైలో కార్ల కార్ఖానాలు పడమర, సాఫ్ట్‌వేర్ తూర్పున ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద ఉండటంతో ఒకరికి దగ్గరైతే ఇంకొకరికి దూరం. బెంగళూరులో పీణ్య ఒక కొస, వైట్‌ఫీల్డ్ ఇంకో కొస. హైదరాబాద్‌లో మియాపూర్, చందానగర్, బీరంగూడల నుంచి పటాన్‌చెరు, బొల్లారం ఒకవైపు, హైటెక్ సిటీ ఇంకోవైపు. ఒకరు మందుల కంపెనీ బస్సెక్కుతారు, ఒకరు మియాపూర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారతారు. ఇద్దరిలో ఎవరి ఉద్యోగం మారినా ఇల్లు మారక్కర్లేదు. ఇలాంటి జంట సలహా అడిగితే, మా ఓటు ఆ మియాపూర్ దారికే.