మెన్‌స్ట్రువల్ కప్: డబ్బా మీద రాసిందీ, బెంగళూరు పీజీ బాత్రూంలో జరిగేదీ

బెంగళూరు మడివాళలో రాత్రి స్లీపర్ బస్సెక్కితే విజయవాడలో దిగేసరికి బాగా తెల్లవారిపోతుంది. దారిలో ఆగే దాబాల దగ్గర ఆడవాళ్ల బాత్రూంలో గడియ ఉంటే నీళ్లుండవు, నీళ్లుంటే గడియ ఉండదు. నెలసరి రెండో రోజున ఆ ప్రయాణం చేయాల్సి వచ్చినవాళ్లకి, యోని లోపల పెట్టుకుంటే రక్తాన్ని పట్టుకునే సిలికాన్ కప్ చేసే ఉపకారం ఇంతా అంతా కాదు. అయితే అదే కప్పు నలుగురు పంచుకునే పీజీ బాత్రూంలో, ట్యాంకర్ నీళ్లతో, కెటిల్ కూడా పెట్టుకోనివ్వని గదిలో వాడాలంటే డబ్బాతో వచ్చే కాగితం ఏమాత్రం చాలదు. ఇక్కడ చూస్తున్నది మెడికల్ గ్రేడ్ సిలికాన్‌తో చేసిన, అడుగున చిన్న తోక ఉండే మామూలు గంట ఆకారపు కప్పు. మూడు నాలుగు వందల నుంచి వెయ్యి దాకా ధరల్లో దొరుకుతుంది. దాదాపు ప్రతి డబ్బా మీదా ఉండే మాటలు మూడు: 12 గంటలు పెట్టుకోవచ్చు, లీక్ కాదు, పదేళ్లు వస్తుంది. మూడూ నిజమయ్యే అవకాశం ఉంది. కానీ ఏదీ ఊరికే నిజం కాదు.

ముందు సైజు. 30 ఏళ్ల లోపు, కాన్పు కానివాళ్లు చిన్నది, మిగతావాళ్లు పెద్దది తీసుకోండని రాస్తారు. అది మొదలుపెట్టడానికి ఒక అంచనా, అంతే. అసలు చూడాల్సింది గర్భాశయ ముఖద్వారం ఎంత ఎత్తులో ఉందో. నెలసరి రోజుల్లో చేతులు శుభ్రంగా కడుక్కుని, గొంతుక్కూర్చుని, చూపుడువేలు నెమ్మదిగా లోపలికి పంపితే ముక్కు కొనలా గట్టిగా, గుండ్రంగా ఒకటి తగులుతుంది. మొదటి కణుపు దాకా వెళ్లేసరికే తగిలితే కిందికి ఉన్నట్టు, అలాంటివాళ్లకి పొట్టి కప్పు కావాలి. వేలు పూర్తిగా వెళ్లినా అందకపోతే పొడుగాటిదీ, తోక పెద్దదీ అయితే తీయడం తేలిక. ఈ కొలత మామూలు రోజుల్లో తీసుకుంటే లాభం లేదు, నెలసరిలో ఎత్తు మారుతుంది. చిన్న కప్పులు చాలావరకు 20 నుంచి 25 మి.లీ., పెద్దవి 25 నుంచి 30 మి.లీ. పడతాయి.

మెత్తదనం గురించి చాలా డబ్బాల మీద ఏమీ ఉండదు, ఉండి తీరాల్సిన సంగతి అది. బాగా మెత్తటి కప్పు చేతికి హాయిగా ఉంటుంది కానీ లోపల పూర్తిగా తెరుచుకోదు. గట్టిది టక్కున తెరుచుకుంటుంది, కొందరికి మూత్రాశయం మీద ఒత్తిడి తెలుస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి మధ్యరకమే నయం.

పెట్టుకునే పద్ధతి. కప్పు అంచుని నిలువునా నొక్కి, మళ్లీ సగానికి మడిస్తే ఇంగ్లిష్ 'సి' ఆకారం వస్తుంది. ఇది అందరూ చూపించే మడత, కానీ మొన లావుగా ఉంటుంది. కొత్తవాళ్లకి రెండో మడత మేలు: అంచులో ఒకచోట వేలితో కిందికి, కప్పు లోపలికి నొక్కి, పక్కలు దగ్గరికి పట్టుకోవాలి. మొన సన్నబడుతుంది. కప్పుని నీళ్లతో తడపండి, అదే చాలు. కొబ్బరినూనె వద్దు, సిలికాన్ జెల్ అసలే వద్దు, అది కప్పు మెటీరియల్‌నే పాడు చేస్తుంది. గొంతుక్కూర్చుని గానీ, ఒక కాలు స్టూలు మీద పెట్టి గానీ, నిటారుగా పైకి కాకుండా నడుము కింది చివరి ఎముక వైపు ఏటవాలుగా పంపాలి. చాలామందికి నొప్పి పుట్టేది ఇక్కడే: పైకి తోస్తారు, దారి వెనక్కి ఉంటుంది. ఊపిరి బిగబడితే కండరాలూ బిగుసుకుంటాయి. మూడుసార్లు ప్రయత్నించినా వెళ్లకపోతే ఆ పూట వదిలేయండి.

లోపలికి వెళ్లాక కప్పు అడుగున వేలు పెట్టి చుట్టూ తిప్పి చూడాలి. అంతా గుండ్రంగా తగిలితే తెరుచుకున్నట్టు. ఒకచోట సొట్ట తగిలితే అడుగుని పట్టుకుని కాస్త అటూ ఇటూ తిప్పండి. ఈ ఒక్క పని చేయకపోవడం వల్లే 'కప్పు లీకవుతుంది' అన్న ఫిర్యాదుల్లో పెద్ద భాగం పుడుతుంది. రెండో కారణం అంచు దగ్గరుండే సన్నటి రంధ్రాలు. గాలి ఆడడానికి పెట్టినవి అవి. రక్తం ఎండి మూసుకుపోతే కప్పు లోపలి గోడకి అతుక్కునే పట్టు సరిగా నిలవదు. కప్పు నిండా నీళ్లు పోసి, అరచేత్తో మూతి మూసి, బోర్లించి పిండితే ఆ రంధ్రాల్లోంచి నీళ్లు చిమ్ముతాయి, శుభ్రమైపోతాయి. మూడోది మలబద్ధకం. నిండిన పేగు పక్కనుంచి నొక్కి కప్పు ఆకారం మారుస్తుంది. ఈ మాట ఏ డబ్బా మీదా కనపడదు.

తీయడం మొదటిసారి భయపెడుతుంది. తోక పట్టుకుని లాగకూడదు. తోక ఉన్నది అడుగుని వెతుక్కోవడానికే. కాన్పుకి ముక్కినట్టు కొద్దిగా ముక్కితే కప్పు కిందికి దిగుతుంది. అప్పుడు బొటనవేలు, చూపుడువేలు అడుగుకి వేసి నొక్కాలి. గాలి లోపలికి వెళ్లి పట్టు వదులుతుంది, చిన్న శబ్దం కూడా రావచ్చు. ఆ తర్వాత ఒక పక్క ముందు, రెండో పక్క తర్వాత వచ్చేలా మెల్లగా ఊపుతూ, ఒలకకుండా నిలువుగానే తీయాలి. అందకపోతే కంగారు పడక్కర్లేదు. అది గర్భాశయంలోకి వెళ్లేంత దారి లేదు. పావుగంట నడిచి, మళ్లీ గొంతుక్కూర్చుంటే దిగుతుంది. తోక బదులు రింగు ఉండే కప్పులు ఈ విషయంలో కొత్తవాళ్లకి తేలిక, కాస్త ధర ఎక్కువైనా నేను వాటివైపే మొగ్గుతాను.

ఇక 12 గంటల సంగతి. అది పై హద్దు, లక్ష్యం కాదు. మొదటి రెండు రోజులు నాలుగు నుంచి ఆరు గంటలకి ఒకసారి తీసి చూస్తే మీ రక్తస్రావం ఎంతో మీకే తెలుస్తుంది. బస్సు ప్రయాణం రెండో రోజున పడితే ఎక్కేముందే ఖాళీ చేసుకుని, తోడుగా ఒక గుడ్డ ప్యాడ్ వేసుకోండి. ప్యాడ్ మీద మరకని చూసి ఎంత పోయిందో చెప్పలేం. కప్పులో గీతలుంటాయి, లెక్క వస్తుంది. ఒక నెలసరిలో సగటున 30 నుంచి 40 మి.లీ. పోతుంది. 80 దాటితే ఎక్కువ రక్తస్రావం కిందే లెక్క. 25 మి.లీ. కప్పు రోజుకి మూడుసార్లు నిండి పొంగుతుంటే అది కప్పు తప్పు కాదు, డాక్టరుని కలవాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. 'నాకు మొదట్నుంచీ ఇంతే' అనుకుంటూ ఏళ్లు గడిపేసేవాళ్లకి ఈ గీతలు చేసే మేలు చిన్నది కాదు. డాక్టరు దగ్గర 'ఎక్కువ అవుతోంది' అనడానికీ, 'రెండో రోజు 70 మి.లీ. పోయింది' అనడానికీ చాలా తేడా ఉంది.

నీళ్ల విషయంలోనే బెంగళూరు కప్పుని పరీక్ష పెడుతుంది. మొదటిసారి వాడేముందు, తర్వాత ప్రతి నెలసరి అయ్యాక ఐదు నిమిషాలు కళపెళా మరిగించాలి. కప్పు పూర్తిగా మునగాలి, గిన్నె అడుగుకి అంటుకుని మాడకూడదు. గుడ్లు గిలక్కొట్టే తీగల గరిటెలో ఇరికిస్తే అడుగుకి తగలదు. వేడినీళ్లు మీద పోసి తుడిచేయడం మరిగించినట్టు కాదు. చాలా కెటిళ్లు నీళ్లు మరగ్గానే ఆగిపోతాయి, మళ్లీ మళ్లీ నొక్కాలి. కెటిల్‌కి ఒప్పుకోని పీజీల్లో కప్పుల కోసమే వచ్చే చిన్న ఆవిరి స్టెరిలైజర్ పనికొస్తుంది. కొనేముందు దానికీ అనుమతి ఉందో లేదో వార్డెన్‌ని అడగండి, కరెంటు సామాను దొరికితే తీసేసుకునే పీజీలున్నాయి.

బోరు నీళ్లలో, ట్యాంకర్ నీళ్లలో మరిగిస్తే కప్పు మీద తెల్లటి పొర పడుతుంది. బూజేమోనని పారేసేవాళ్లున్నారు. అది నీళ్లలోని ఉప్పే, గీజరు కాయిల్‌కి పట్టేదే. తాగే ఫిల్టర్ నీళ్లతో మరిగించండి. పొర పట్టేసి ఉంటే నిమ్మరసం కలిపిన నీళ్లలో కాసేపు నానబెట్టి, బాగా కడిగి, మళ్లీ మరిగించండి. రోజువారీ కడిగేటప్పుడు ముందు చన్నీళ్లే వాడాలి. వేడినీళ్లు ముందు తగిలితే రక్తం మరక అక్కడే నిలిచిపోతుంది. డెట్టాల్, శానిటైజర్, సువాసన సబ్బు దగ్గరికి రానివ్వద్దు, మంట పుడుతుంది. ఆరాక గుడ్డ సంచీలో పెట్టండి. గాలాడని ప్లాస్టిక్ డబ్బాలో వాసన పడుతుంది.

ఆఫీసు బాత్రూంలో కుళాయి బయట ఉంటే అరలీటరు నీళ్ల సీసా లోపలికి తీసుకెళ్లాలి. ముందు చేతులు కడుక్కోవడం, తర్వాత తీయడం, కమోడ్‌లో పారబోయడం, సీసా నీళ్లతో కడగడం, మళ్లీ పెట్టుకోవడం. ఈ వరస తప్పితే తలుపు గడియ మీద ఎర్రటి వేలిముద్రలు పడతాయి. కప్పు జారి కమోడ్‌లో పడితే ఇంకొకటి కొనుక్కోండి, ఆ డబ్బుకి ఆశపడొద్దు. మూడు నెలలు ఇంట్లో, పీజీలో అలవాటయ్యాకే ఆఫీసులో మొదలుపెట్టడం మంచిది. 2019లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్‌లో వచ్చిన సమగ్ర పరిశీలన కూడా చేయి తిరగడానికి కొన్ని నెలసరులు పడుతుందనీ, అలవాటైనవాళ్లలో ఎక్కువమంది కొనసాగిస్తామన్నారనీ చెప్పింది. మొదటి నెలే మానేసినవాళ్ల రివ్యూలని ఆ లెక్కన చదవండి.

ఊళ్లో అమ్మకి తెలిస్తే వచ్చే మొదటి మాట 'పెళ్లికాని పిల్లవి, అలాంటివి పెట్టుకోకూడదే'. కన్నెపొర సాగే గుణమున్న సన్నటి పొర. ఆటలు, వ్యాయామం వల్ల కూడా సాగుతుంది. దాన్ని చూసి కన్యత్వాన్ని ఎవరూ చెప్పలేరు, డాక్టర్లు కూడా. 2022లో సుప్రీంకోర్టు అత్యాచార కేసుల్లో రెండు వేళ్ల పరీక్షకి శాస్త్రీయ ఆధారమేమీ లేదని చెప్పి, చేయకూడదంది. అయినా అమ్మతో వాదన గెలవడం కోసం కప్పు వాడనక్కర్లేదు. పెట్టుకోవాలంటేనే ఒళ్లు బిగుసుకుపోయేవాళ్లూ, ఇష్టం లేనివాళ్లూ గుడ్డ ప్యాడ్లతో హాయిగా ఉండొచ్చు.

కాపర్-టి ఉన్నవాళ్లు గైనకాలజిస్టుని అడక్కుండా వాడకూడదు. పట్టు వదిలించకుండా లాగితే దారంతో పాటు కాపర్-టి జారిపోయే ప్రమాదముంది. కాన్పయ్యాక కనీసం ఆరు వారాలు, డాక్టరు సరేననేదాకా ఆగాలి. గర్భసంచి జారినవాళ్లు, ఇన్‌ఫెక్షన్‌కి మందులు వాడుతున్నవాళ్లు కూడా ఆగాలి. కప్పు పెట్టుకుని ఉండగా ఒక్కసారిగా ఎక్కువ జ్వరం, వాంతులు, ఎండకి కమిలినట్టు దద్దుర్లు, కళ్లు తిరగడం వస్తే వెంటనే తీసేసి ఆసుపత్రికి వెళ్లి, కప్పు వాడుతున్నానని చెప్పండి. ఇవి టాక్సిక్ షాక్ లక్షణాలు, అంటే బ్యాక్టీరియా విషం ఒళ్లంతా పాకి ప్రాణం మీదికి తెచ్చే జబ్బు. అది చాలా అరుదు, కానీ గంటల్లో ముదురుతుంది.

నెలకి 20 ప్యాడ్లు వేసుకుంటే ఏడాదికి 240. ఏడాది లోపే కప్పు ఖరీదు తీరిపోతుంది. అంతకంటే పెద్ద సంగతి చెత్తబుట్ట. ఘన వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడిన ప్యాడ్‌ని చుట్టి విడిగా ఇవ్వాలి. పీజీలో మూడో అంతస్తు బుట్టలో అంతా కలిపి పడేస్తే, కింద పారిశుద్ధ్య కార్మికులు, అందులోనూ ఎక్కువమంది ఆడవాళ్లు, చేత్తో ఏరాల్సి వస్తుంది. కప్పు వాడినా వాడకపోయినా, ప్యాడ్ పారేసేటప్పుడు పేపర్లో చుట్టి, లోపల ఏముందో ఏరేవాళ్లకి తెలిసేలా ఎర్ర చుక్క పెట్టడం మానకండి.

పదేళ్లు వస్తుందన్న మాటకి తేదీ కంటే చూపు ముఖ్యం. ప్రతి నెలా మరిగించాక వెలుతురులో పట్టుకుని అంచు సాగదీసి చూడండి. చీలిక, జిగురు, పైన పొడి రాలడం, మరిగించినా పోని వాసన కనిపిస్తే ఎన్నేళ్లదైనా పారేయాలి. రంగు మారడం ఒక్కటే అయితే ఫరవాలేదు. కొనేటప్పుడు రెండు సైజుల సెట్ వద్దు. ఒకటి తీసుకుని, సీలు విప్పకముందే కొలతలు చూసుకోండి, విప్పాక చాలాచోట్ల వెనక్కి తీసుకోరు.