ఎంపీసీ చదివినవారికి జీవకణం: ‘ఫిజికల్ బయాలజీ ఆఫ్ ద సెల్’

పదో తరగతి అయ్యాక ఎంపీసీలో చేరినవారికి జీవశాస్త్రంతో తెగిన సంబంధం మళ్లీ కలవడం అరుదు. నేనూ ఆ కోవకు చెందినవాణ్నే. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి, డిగ్రీ కళాశాలలో ఏళ్ల తరబడి ఉష్ణగతికశాస్త్రం బోధించినా, జీవశాస్త్రం అనగానే నాకు గుర్తొచ్చేది బొమ్మ గీసి, బాణం గుర్తులు పెట్టి, భాగాల పేర్లు రాసిన రికార్డు పుస్తకమే. ఆ సంగతి నన్ను కొంత ఇబ్బంది పెట్టడం మొదలైన తర్వాత, ఒకటి రెండు చిన్న పరిచయ గ్రంథాలను మధ్యలోనే వదిలేసి, చివరికి జీవకణాన్ని భౌతికశాస్త్రపు లెక్కలతో వివరించే ‘ఫిజికల్ బయాలజీ ఆఫ్ ద సెల్’ అనే పాఠ్యగ్రంథం కొన్నాను. పక్కన కాగితం, పెన్సిలు పెట్టుకుని ఏడాదిన్నర పాటు చదివాక ఈ సమీక్ష రాస్తున్నాను.

రాబ్ ఫిలిప్స్, జానే కొండెవ్, జూలీ థెరియట్ రాసిన ఈ గ్రంథానికి 2012లో రెండో కూర్పు వచ్చింది. అందులో హెర్నన్ గార్సియా నాలుగో రచయితగా చేరారు. నేను చదివింది ఆ రెండో కూర్పే. వెయ్యి పేజీలు దాటిన పుస్తకం కాబట్టి పడుకుని చదవడం అయ్యే పని కాదు, బల్ల కావలసిందే. నైజెల్ ఓర్మ్ వేసిన బొమ్మలు మాత్రం అంత బరువునూ మరిపిస్తాయి.

సాధారణంగా జీవశాస్త్ర గ్రంథాలు కణభాగాల జాబితాతో మొదలవుతాయి. ఇక్కడ మొదటి నాలుగు అధ్యాయాలు ఎందుకు, ఏమిటి-ఎక్కడ, ఎప్పుడు, ఎవరు అన్న ప్రశ్నలుగా సాగుతాయి. ఈ.కోలి అనే బాక్టీరియాను రచయితలు కొలబద్దగా చేతికిస్తారు. దాని ఘనపరిమాణం సుమారు ఒక ఘన మైక్రోమీటరు, కాబట్టి బరువు సుమారు ఒక పికోగ్రాము, అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు. అందులో నీరు పోగా మిగిలేది దాదాపు 30 శాతం, ఆ మిగిలినదానిలో సగం ప్రోటీన్లు. ఒక సగటు ప్రోటీన్‌లో 300 అమైనో ఆమ్లాలు, ఒక్కొక్కటి సుమారు 100 డాల్టన్లు (ఒక డాల్టన్ అంటే దాదాపు ఒక హైడ్రోజన్ పరమాణువు బరువు) అనుకుంటే, ఒక కణంలో దాదాపు 30 లక్షల ప్రోటీన్ అణువులు ఉండాలని నాలుగు పంక్తుల్లో తేలుతుంది. కణం గురించి నాకు తెలిసినదంతా పేర్లుగానే ఉన్న స్థితి నుంచి, దాన్ని నేనే లెక్కగట్టగలనన్న స్థితికి ఈ పేజీలోనే వచ్చాను.

మూడో అధ్యాయం నాకు అన్నిటికంటే నచ్చింది. ఈ.కోలి డీఎన్‌ఏ పొడవు సుమారు 46 లక్షల బేస్ జంటలు, అంటే డీఎన్‌ఏ నిచ్చెనలో అన్ని మెట్లు. నకలు తీయడం ఒకే చోట మొదలై రెండు వైపులకూ సాగుతుంది. ఒక్కో వైపు సెకనుకు దాదాపు 1000 జంటలు నకలవుతాయి. భాగిస్తే 2300 సెకన్లు, అంటే 40 నిమిషాలకు కాస్త తక్కువ. కానీ మంచి ఆహారం దొరికితే ఈ బాక్టీరియా సుమారు 20 నిమిషాలకు ఒకసారి విభజన చెందుతుంది. నకలు పూర్తికాకముందే కణం రెండుగా ఎలా చీలుతుంది? ఈ ప్రశ్నను మా బీఎస్సీ తరగతిలో బోర్డు మీద రాసి వదిలేశాను. ఎవరో దత్తాంశమే తప్పన్నారు. చివరి బెంచీలోంచి ఒక అమ్మాయి, “మొదటి వాయి దిగకముందే రెండో వాయి పొయ్యెక్కించి ఉంటుంది సార్” అంది. జవాబు సరిగ్గా అదే. మొదటి నకలు నడుస్తుండగానే తర్వాతి నకలు మొదలవుతుంది. పుట్టే పిల్లకణం తన పిల్లల కోసం సగం తీసిన నకలుతోనే పుడుతుంది. లెక్కలో వచ్చిన వైరుధ్యమే కొత్త జీవశాస్త్ర విషయాన్ని బయటపెట్టడం ఈ పుస్తకం పద్ధతి.

విసరణ, అంటే అణువులు అటూఇటూ తారాడుతూ వాటంతటవే వ్యాపించడం, విషయంలోనూ ఇదే దారి. ఒక ప్రోటీన్ నీటిలో ఒక మైక్రోమీటరు దూరం విసరించడానికి సెకనులో వందో వంతు చాలు. కాలం దూరపు వర్గంతో పెరుగుతుంది కాబట్టి, పది సెంటీమీటర్ల నాడీతంతువు పొడవునా విసరించాలంటే మూడేళ్లు పడుతుంది. అందుకే కణానికి సరుకు మోసుకెళ్లే కైనెసిన్ వంటి ప్రోటీన్ మోటార్లు అవసరమయ్యాయి. ఈ మోటారు 8 నానోమీటర్ల అడుగులు వేస్తూ సుమారు 6 పికోన్యూటన్ల ఎదురుబలం వరకు తట్టుకుంటుంది. ఒక్కో అడుగుకు ఖర్చయ్యే ఏటీపీ అణువు (కణానికి ఇంధనం లాంటిది) దాదాపు 20 కేటీల శక్తి (కేటీ అంటే అణువుల ఉష్ణచలనాన్ని కొలిచే శక్తి ప్రమాణం) ఇస్తే, అందులో సగానికి పైగా పనిగా మారుతుంది. పెట్రోలు ఇంజను ఆ దరిదాపులకు రాదు. ఏటీపీ మాట వచ్చింది కాబట్టి చిన్న పక్కదారి: భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1929లో హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి ఈ అణువును కండరం నుంచి వేరుచేశారు, జర్మనీలో కార్ల్ లోమాన్ అదే ఏడాది విడిగా అదే పని చేశారు. మన ఊళ్లలో ఈ సంగతిని ఫిజిక్స్ తరగతిలో చెప్పే సందర్భం ఇన్నాళ్లకు నాకు దొరికింది.

మధ్య అధ్యాయాల్లో ఎంట్రోపీ, పాలిమర్లు, ఉప్పునీటిలో విద్యుత్ బలాలు, పొరల వంపు వరుసగా వస్తాయి. అసంఖ్యాక అణువుల ప్రవర్తనను సంభావ్యతతో లెక్కించే స్టాటిస్టికల్ మెకానిక్స్ మరిచిపోయినవారు ఇక్కడ తడబడతారు. మరవనివారికి కొన్ని పేజీలు తెలిసిన పాఠమే అనిపిస్తాయి. పన్నెండో అధ్యాయంలోని ద్రవగతిశాస్త్రాన్ని నేను వేగంగా దాటేశాను, నష్టమేమీ కనిపించలేదు. హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకోవడాన్నీ, జన్యువు తెరుచుకుని మూసుకోవడాన్నీ ఒకే బోల్ట్స్‌మన్ భారాల (ఒక్కో స్థితి శక్తిని బట్టి దాని సంభావ్యతను చెప్పే అంకెల) పట్టికతో వివరించిన చోట్లు మాత్రం రెండుసార్లు చదవదగ్గవి.

నా ప్రధాన అభ్యంతరం ఒకటుంది. జీవపరిణామానికి ప్రత్యేక అధ్యాయం ఇరవై ఒకటోది, అంటే చివరినుంచి రెండోది. భౌతికశాస్త్రం వాడు ముందు ఇరవై అధ్యాయాలు చదివి, శక్తి కనిష్ఠం ఎక్కడుంటే కణం అక్కడ ఉంటుందన్న ధీమాకు అలవాటు పడతాడు. ఒక ఏర్పాటు అలా ఉండటానికి కారణం కొన్నిసార్లు దాని పూర్వీకుల చరిత్ర మాత్రమేనన్న మాట అతనికి ఆలస్యంగా వినిపిస్తుంది. నేను కూడా ఆ పొరపాటు చేశాను. ఉదాహరణల్లో బాక్టీరియాలూ వాటి వైరస్‌లూ ఎక్కువ కాబట్టి, రోగనిరోధక వ్యవస్థ గురించో మన శరీర ధర్మాల గురించో తెలుసుకోగోరేవారికి నిరాశ తప్పదు. పరిభాష కొత్తవారికి పక్కన ఒక మామూలు కణజీవశాస్త్ర పుస్తకం ఉండాలి.

కాబట్టి కొనేవారికి నా సలహా ఇది: మొదటి నాలుగు అధ్యాయాలు, ఆ వెంటనే ఇరవై ఒకటి, తర్వాత ఆరు, ఏడు, పదహారు చదవండి. మిగిలినవి అవసరాన్ని బట్టి తెరవండి. బీఎస్సీ విద్యార్థులు సొంతానికి కొనడం కంటే కళాశాల గ్రంథాలయానికి తెప్పించుకోవడం మంచిది. మా కళాశాలలో ఒక ప్రతి వచ్చింది, ప్రస్తుతం అది ఆ చివరి బెంచీ అమ్మాయి దగ్గరే ఉంది.